డెబ్బయిల నాటి రాక్ సంగీతకారుడిపై డాక్యుమెంటరీ: ముందు టేపులు, కాగితాలు... కెమెరా ఆ తర్వాతే

డెబ్బయిల్లో బ్రిటన్‌లోనో అమెరికాలోనో పేరు తెచ్చుకున్న రాక్ సంగీతకారుడికి ఇప్పుడు డెబ్బయ్యో ఎనభయ్యో ఏళ్లు ఉంటాయి. ఆయన మీద డాక్యుమెంటరీ అనగానే చాలామంది ముందు కెమెరా పట్టుకుని ఆయన ఇంటికి బయలుదేరతారు. ఆ పనిని వెనక్కి నెట్టండి. యాభై ఏళ్లుగా అవే ప్రశ్నలకు అవే జవాబులు చెప్పి చెప్పి అరిగిపోయిన కథలు ఆయన దగ్గర ఓ పాతిక ఉంటాయి. ఖాళీ చేతులతో వెళ్లినవాళ్లకు అవే వినిపిస్తాడు. ఆయన మరిచిపోయిన టేపు, ఎన్నడూ చూడని ఫొటో, సంతకం పెట్టి చదవకుండా వదిలేసిన కాంట్రాక్టు మీ చేతిలో ఉంటే మాట తీరే మారిపోతుంది.

కాబట్టి వరుస ఇది: తేదీలు, ఫుటేజ్, టేపులు, హక్కులు, ఆ తర్వాత ఇంటర్వ్యూ, చివర్న ఎడిటింగ్. దీనికి మినహాయింపు ఒక్కటే. మనిషి ఆరోగ్యం బాగా లేకపోతే ఏ సన్నాహం లేకపోయినా వెళ్లి, కనీసం గొంతైనా రికార్డు చేసుకోండి. బొమ్మ లేని మంచి గొంతు మీద పాత ఫొటోలు నిలబడతాయి.

తేదీల పట్టిక

స్ప్రెడ్‌షీటులో అయిదు గడులు చాలు: తేదీ, చోటు, ఏం జరిగింది, ఎక్కడ చూశాం, ఎంతవరకు నమ్మొచ్చు. బ్రిటన్ వాడైతే మెలొడీ మేకర్, ఎన్‌ఎంఈ, సౌండ్స్ వారపత్రికల పాత సంచికలు, అమెరికా వాడైతే బిల్‌బోర్డ్, రోలింగ్ స్టోన్ తిరగేయాలి. ప్రకటన వేరు, సమీక్ష వేరు. ప్రకటనలో ఉన్న కచేరీ రద్దయి ఉండొచ్చు. సమీక్ష ఉందంటే జరిగిందని దాదాపు ఖాయం. అన్నిటికంటే నమ్మదగినది టేపు డబ్బా మీద ఇంజినీరు పెన్నుతో రాసిన తేదీ. ఆ తర్వాత టూర్ మేనేజర్ రోజువారీ కాగితాలు: హోటల్, బస్సు, సౌండ్ చెక్ వేళలు, ఆ రాత్రి చేతికొచ్చిన డబ్బు.

రికార్డు చేసిన తేదీకీ విడుదలైన తేదీకీ మధ్య ఖాళీ ఎందుకొచ్చిందో కూడా రాసుకోండి. 1973 చివర్లో చమురు సంక్షోభం వచ్చినప్పుడు వినైల్ ముడిసరుకు కరువైంది. 1974 జనవరి నుంచి మార్చి మొదటి వారం దాకా బ్రిటన్‌లో వ్యాపార సంస్థలకు వారానికి మూడు రోజులే కరెంటు. ఆ చలికాలంలో ఆల్బమ్ ఆలస్యమైతే కారణం గాయకుడి బద్ధకం కాకపోవచ్చు. ఆయన మాత్రం ‘కంపెనీ నన్ను తొక్కేసింది’ అనే చెబుతాడు. ఈ పట్టిక చేతిలో ఉంటేనే ఆ మాట దగ్గర ఆయన్ని మర్యాదగా ఆపగలరు.

పట్టిక పూర్తయ్యాక పుట్టుక నుంచి నేటి దాకా చెప్పాలన్న కోరికను చంపుకోండి. బాల్యం, బ్యాండు, పేరు, మత్తు, పతనం, పునరాగమనం అనే మెట్లమీద నడిచిన సినిమాలు ఇప్పటికే లెక్కకు మించి ఉన్నాయి. మనిషి మారిపోయిన ఏడాదిన్నర, రెండేళ్ల కాలం ఒకటి పట్టికలో కనిపిస్తుంది: బ్యాండు విడిపోయిన కాలం కావొచ్చు, హిట్ తర్వాత వచ్చిన మొదటి ఫ్లాపు కావొచ్చు. సినిమాలో సగం అక్కడే నడవాలి.

పాత ఫుటేజ్ ఎక్కడ, ఏ స్థితిలో

టీవీ ఫుటేజ్ అంతా భద్రంగా ఉంటుందని అనుకోకండి. అప్పట్లో స్టూడియోలు వాడిన రెండంగుళాల వీడియో టేపు చాలా ఖరీదు. ప్రసారం అయిపోగానే చెరిపేసి మళ్లీ వాడుకునేవాళ్లు. బీబీసీ టాప్ ఆఫ్ ది పాప్స్ కార్యక్రమంలో డెబ్బయిల మొదటి సగానికి చెందిన ఎపిసోడ్లు చాలావరకు అలాగే పోయాయి. 1971లో మొదలైన ఓల్డ్ గ్రే విజిల్ టెస్ట్ పరిస్థితి అంతకంటే నయం. జర్మనీలో రేడియో బ్రెమెన్ 1972 దాకా నడిపిన బీట్ క్లబ్ వెతకడం మరిచిపోకండి. బ్రిటిష్ బ్యాండ్లు అక్కడికి వెళ్లి స్టూడియోలో నిజంగానే వాయించేవి. అమెరికాలో మిడ్‌నైట్ స్పెషల్, డాన్ కిర్ష్నర్స్ రాక్ కాన్సర్ట్ చూడాలి.

టాప్ ఆఫ్ ది పాప్స్ లాంటి చోట్ల రికార్డు మోగుతుంటే పెదవులు కదిపేవాళ్లే ఎక్కువ. గిటార్ నుంచి యాంప్లిఫయర్‌కి తీగ ఉందా, డ్రమ్స్ దగ్గర మైకులు ఉన్నాయా చూస్తే తెలిసిపోతుంది. అలాంటి క్లిప్ మీద ‘ప్రత్యక్ష ప్రదర్శన’ అని అక్షరాలు వేస్తే అభిమానులు మొదటి రోజే పట్టుకుంటారు.

కచేరీలను అప్పట్లో ఎక్కువగా 16 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద తీసేవాళ్లు. కెమెరాకు తగిలించే 400 అడుగుల ఫిల్మ్ డబ్బా (మ్యాగజైన్) సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 11 నిమిషాలే నడుస్తుంది. పావుగంట సాగే గిటార్ సోలో మధ్యలో బొమ్మ మాయమవడానికి కారణం ఇదే. రెండో కెమెరా రీళ్లు కూడా అడిగి తెప్పించుకుంటే ఆ ఖాళీ పూడుతుంది. అభిమానులు తీసిన సూపర్ 8 రీళ్లు 50 అడుగులవి: 18 ఫ్రేముల వేగంతో తీస్తే 3 నిమిషాల 20 సెకన్లు, 24తో అయితే రెండున్నర నిమిషాలు. 1973కి ముందు తీసినవైతే శబ్దం ఉండదు. 18 ఫ్రేములతో తీసినదాన్ని 24తో నడిపితే డ్రమ్మర్ కీలుబొమ్మలా కదులుతాడు. స్కాన్ చేసేవాళ్లకు అసలు వేగం ముందే చెప్పండి. తెలియకపోతే మనుషులు నడుస్తున్న షాట్ చూసి అంచనా వేయండి.

డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన కొడితే అసిటేట్ ఫిల్మ్ క్షీణిస్తోందని అర్థం. దాన్ని మిగతా రీళ్ల నుంచి వేరు చేయండి, ఆ ఆవిరి పక్క రీళ్లను కూడా పాడు చేస్తుంది. ఒక శాతానికి మించి కుంచించుకుపోయిన ఫిల్మ్‌ని ప్రొజెక్టర్‌కి ఎక్కించకూడదు, పళ్లచక్రాల దగ్గర చిరుగుతుంది. రంధ్రాలతో పని లేకుండా రోలర్ల మీద నడిచే స్కానర్ కావాలి. ప్రింటు మొత్తం ఎర్రటి గులాబీ రంగులోకి తిరిగిపోయి ఉంటే సయాన్ (పచ్చ కలిసిన నీలం) రంగు పొర వెలిసిపోయినట్టే. కలర్ గ్రేడింగ్‌తో కొంత వెనక్కి తేవచ్చు కానీ నెగెటివ్ ఎక్కడైనా ఉందేమో వెతకడం ఇంకా లాభం. నెగెటివ్ దొరికితే 4కె, ప్రింటు అయితే 2కె స్కాన్ సరిపోతుంది. గీతలు, గ్రెయిన్ తుడిచేసే సాఫ్ట్‌వేర్‌ని స్కాన్ సమయంలో వాడనివ్వకండి. ఒకసారి తుడిచాక సింబల్స్ అంచులు, గాల్లో ఎగిరే జుట్టు కూడా దాంతోపాటే పోతాయి.

ఫిల్మ్ అంచున శబ్దం ఉంటే అది బొమ్మ పక్కనే ఉండదు. 16 మిల్లీమీటర్ల ఫిల్మ్‌లో ఆప్టికల్ శబ్దం 26 ఫ్రేములు ముందుంటుంది, అయస్కాంత పట్టీ అయితే 28, సూపర్ 8లో 18. స్కాన్ చేసిన ఫైల్లో గాయకుడి పెదవులు ఒక సెకను తేడాతో కదులుతుంటే ముందు ఈ లెక్క సరిచూడండి.

వేగం తప్పితే శ్రుతి తప్పుతుంది

మామూలు డాక్యుమెంటరీలో ఇది చిన్న విషయం. సంగీతం మీద తీసేదాంట్లో సినిమా పరువు దీని మీదే ఉంటుంది. 24 ఫ్రేముల ఫిల్మ్‌ని యూరప్ టీవీల కోసం 25కి ఎక్కించినప్పుడు అంతా 4 శాతం వేగం పుంజుకుంటుంది, శ్రుతి దాదాపు ముప్పావు సెమీటోన్ (అర స్వరం) పైకి పోతుంది. నాలుగు నిమిషాల పాటలో పది సెకన్లు తగ్గిపోతాయి. ఆర్కైవ్ నుంచి వచ్చిన వీడియో కాపీ ఇలాంటిదే అయి ఉండే అవకాశం ఎక్కువ. రికార్డులోని పాటను పక్కన పెట్టి పోల్చుకోండి.

అయితే రికార్డు కూడా ప్రమాణం కాకపోవచ్చు. అప్పటి స్టూడియోల్లో గొంతు కాస్త పదునుగా వినిపించాలని టేపు వేగాన్ని మార్చడం మామూలే. అందుకే కొన్ని ఆల్బమ్‌ల పాటలు ఏ పియానో శ్రుతికీ అందవు. కచేరీలో ఎవరో దొంగచాటుగా చేసుకున్న క్యాసెట్ రికార్డింగుల వేగం తేల్చడానికి ఒక పాత కిటుకు ఉంది. యాంప్లిఫయర్ల నుంచి వచ్చే కరెంటు హమ్మును ఫ్రీక్వెన్సీ ఎనలైజర్‌లో చూడండి. బ్రిటన్, యూరప్ అయితే అది 50, 100 హెర్ట్జ్ దగ్గర, అమెరికా అయితే 60, 120 దగ్గర ఉండాలి. లండన్ కచేరీ క్యాసెట్‌లో హమ్ము 52 దగ్గర కనిపిస్తే టేపు 4 శాతం వేగంగా నడుస్తోంది. అంత తగ్గించండి, శ్రుతి దానంతట అదే దారికొస్తుంది.

ఇక మీ సినిమా ఫ్రేముల వేగం. పాత ఫుటేజ్‌లో ఎక్కువ భాగం బ్రిటన్ టీవీ నుంచి వస్తుంటే 25 పెట్టుకోండి, అమెరికా నుంచి వస్తుంటే 23.976. మొదటి రోజు తీసుకున్న ఈ నిర్ణయాన్ని మధ్యలో మార్చడం నరకం. ఇంటర్‌లేస్డ్ టేపులను (ఒక్కో ఫ్రేమును రెండు సగాల గీతలుగా పట్టిన పాత టీవీ పద్ధతివి) అసలు రూపంలోనే ఒక ప్రతి దాచి, ఆ సగాలను కలిపే డీఇంటర్‌లేసింగ్ ఒక్కసారే, మంచి సాఫ్ట్‌వేర్‌తో చేయండి. 4:3 బొమ్మను సాగదీసి 16:9 చేస్తే మనుషులు లావైపోతారు, పైనా కిందా కోస్తే తలో గిటార్ మీది వేళ్లో పోతాయి. పక్కల నల్ల పట్టీలు వదిలేయండి, ప్రేక్షకులు రెండు నిమిషాల్లో అలవాటు పడతారు.

మాస్టర్ టేపులు: తొందరపడి ప్లే నొక్కొద్దు

సంగీతకారుడి అటకమీదో లేబుల్ (రికార్డు కంపెనీ) గిడ్డంగిలోనో మల్టీట్రాక్ టేపు, అంటే ఒక్కో వాద్యం, గొంతు విడివిడిగా ఉన్న టేపు, దొరికితే అదృష్టమే. అన్నీ దొరకవు. 2008 జూన్ 1న హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియోస్ ఆవరణలో జరిగిన అగ్నిప్రమాదంలో ఎన్నో మాస్టర్లు (అసలు టేపులు) బూడిదయ్యాయి. లేబుల్ జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన టేపు ఉన్నట్టు కాదు. డబ్బా ఫొటో పంపమని అడగండి.

దొరికిన టేపును మిషన్ మీద ఎక్కించి వెంటనే నడపడం పెద్ద తప్పు. డెబ్బయిల మధ్య నుంచి వచ్చిన చాలా టేపుల్లో, ముఖ్యంగా ఆంపెక్స్ 406, 456 రకాల్లో, పూతను పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చుకుని బంకబంకగా మారుతుంది. నడిపితే కీచుమని అరుస్తుంది, హెడ్ల మీద గోధుమరంగు పేస్టు పేరుకుంటుంది. ఆ పేస్టు మరేదో కాదు, మీ పాటే. దీనికి మందు బేకింగ్: ప్రత్యేకమైన ఓవెన్‌లో సుమారు 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర పావంగుళం టేపును ఎనిమిది గంటల పాటు, రెండంగుళాల టేపును అంతకంటే ఎక్కువసేపు ఉంచి, అంతే నెమ్మదిగా చల్లారనిస్తారు. ఆ గుణం కొన్ని వారాలే ఉంటుంది కాబట్టి వెంటనే డిజిటల్‌లోకి ఎక్కించాలి. అసిటేట్ టేపును మాత్రం ఎప్పుడూ వేడి చేయకూడదు, పాడైపోతుంది. రీలును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అసిటేట్ గుండా కాంతి కనిపిస్తుంది, పాలియెస్టర్ గుండా కనిపించదు. ఈ పని తెలిసిన ట్రాన్స్‌ఫర్ ఇంజినీరుకే అప్పగించండి. వంటింటి ఓవెన్, మైక్రోవేవ్ ఊసే వద్దు.

ఇంజినీరుకు టేపుతోపాటు డబ్బాలోని కాగితం కూడా ఇవ్వాలి. టేపు వేగం సెకనుకు 15 అంగుళాలా 30 అంగుళాలా, ఈక్వలైజేషన్ (హెచ్చు తగ్గు స్వరాల సర్దుబాటు) ఎన్‌ఏబీ ప్రమాణమా ఐఈసీనా, టేపు రొద తగ్గించే డాల్బీ ఎ వాడారా అన్నది అందులోనే ఉంటుంది. డాల్బీతో చేసిన టేపును డీకోడ్ చేయకుండా ఎక్కిస్తే ట్రెబుల్ పొడిగా, కరకరలాడుతూ వస్తుంది. దాన్నే ‘పాత రికార్డింగ్ స్వభావం’ అనుకుని వదిలేసినవాళ్లు ఉన్నారు. టేపు మొదట్లో వచ్చే టోన్లను కూడా రికార్డు చేయించండి, హెడ్ కోణం సరిచేయడానికి అవే ఆధారం. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ చాలు. రెండున్నర వేల అడుగుల రీలు 15 అంగుళాల వేగంతో 33 నిమిషాలు నడుస్తుంది, 30తో అయితే అందులో సగం. స్టూడియో అద్దె లెక్క వేసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఫొటోల గురించి రెండు ముక్కలు. ప్రింట్లు కాకుండా, రీలులోని ఫ్రేములన్నీ చిన్నగా ఒకే కాగితం మీద వేసిన కాంటాక్ట్ షీట్లు అడగండి. పత్రికలో పడిన ఫొటోకి ముందూ వెనకా ఉన్న ఫ్రేముల్లోనే మనిషి దొరుకుతాడు. స్కానర్‌లో దుమ్ము తొలగించే ఇన్‌ఫ్రారెడ్ సదుపాయం నలుపు తెలుపు నెగెటివ్‌ల మీద పనిచేయదు, కోడాక్రోమ్ స్లైడ్ల మీద కూడా నమ్మడానికి లేదు. ఆపేసి, బ్రష్షుతో తుడిచి స్కాన్ చేయించండి.

పాటల హక్కులు

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత హక్కులు అడక్కుండానే పాట మీద సీన్ కట్ చేసేవాళ్ల కోసమే పుట్టిందేమో. ఒక పాటకు తాళాలు రెండు. రికార్డింగు హక్కు సాధారణంగా లేబుల్‌ది, రచన, బాణీల హక్కు వాటిని రచయిత తరఫున చూసుకునే మ్యూజిక్ పబ్లిషర్‌ది. రెండూ విడివిడిగా తీసుకోవాలి. ఇద్దరు రాసిన పాటకు ఇద్దరు పబ్లిషర్లుంటే ఆ ఇద్దరూ ఒప్పుకోవాలి. విడిపోయిన బ్యాండులో ఆ రెండోవాడికి మీ కథానాయకుడంటే గిట్టకపోతే పని అక్కడే ఆగుతుంది. ‘నా పాటే కదా, వాడుకోండి’ అని సంగీతకారుడు భుజం తట్టి చెప్పినా చట్టం దృష్టిలో దానికి విలువ లేదు. డెబ్బయిల కాంట్రాక్టుల్లో ఆయన చేతిలో మిగిలింది తక్కువ.

ఎక్కువమంది దెబ్బతినేది టీవీ క్లిప్‌ల దగ్గర. చానల్‌కి ఫుటేజ్ డబ్బు కట్టారంటే బొమ్మ మాత్రమే మీది. అందులో వినిపించే పాటకు పబ్లిషర్ అనుమతి వేరు, పెదవులు కదిపిన క్లిప్ అయితే రికార్డింగుకు లేబుల్ అనుమతి కూడా కావాలి, వాయించినవాళ్ల యూనియన్ చెల్లింపులు ఇంకొకటి. ఫొటో కూడా అంతే, అందులో ఉన్న మనిషిది కాదు, తీసినవాడిది.

అనుమతి అడిగే ఉత్తరంలో పాట పేరు, ఎన్ని సెకన్లు, ఏ సీన్లో, ముందు వినిపిస్తుందా వెనకనా, ఏ దేశాల్లో, ఏ మాధ్యమాల్లో, ఎన్నేళ్లకు, సినిమా మొత్తం బడ్జెట్ ఎంత అన్నది రాయాలి. ఫెస్టివల్స్ వరకే హక్కు తీసుకుంటే తక్కువలో అయిపోతుంది, కానీ స్ట్రీమింగ్‌కి అమ్మే నాటికి ధర ఎంతో ముందే రాయించుకోకపోతే అప్పుడు వాళ్లు చెప్పిందే ధర. చాలా ఒప్పందాల్లో ‘మిగతావాళ్లకు ఇచ్చినంత మాకూ’ అనే షరతు ఉంటుంది. ఒక్క పాటకు ఎక్కువ ఒప్పుకుంటే ఆ షరతు ఉన్న పాటలన్నిటికీ అదే రేటు పడుతుంది. అందువల్ల ఖరీదైన హిట్ కోసం చివర్లో బేరమాడటం ప్రమాదం, దాని సంగతే మొదట తేల్చుకోండి. తొంభై నిమిషాల సినిమాకు 12 నుంచి 15 పాటలు చాలు. అందులో మూడు లేకపోతే సినిమాయే లేదన్నవి, మిగతావి మార్చుకోదగ్గవి.

చట్టం వైపు మూడు సంగతులు తెలిసి ఉండాలి. 1972 ఫిబ్రవరి 15కి ముందు చేసిన రికార్డింగులు 2018 దాకా అమెరికా సమాఖ్య కాపీరైట్ పరిధిలో లేవు, రాష్ట్రాల చట్టాల కింద ఉండేవి. ఇప్పుడు సమాఖ్య చట్టమే వాటిని కాపాడుతోంది కాబట్టి పాతవి కదా అని ఉచితంగా వాడుకునే వీల్లేదు. 1978 నుంచి రచయితలు స్వయంగా చేసిన ఒప్పందాలను 35 ఏళ్ల తర్వాత అమెరికా వరకు రద్దు చేసుకునే వీలు ఉంది. దశాబ్దం చివరి పాటలకు అక్కడ యజమాని మారి ఉండొచ్చు, పాత జాబితాను నమ్మకండి. బ్రిటన్‌లో రికార్డింగుల కాపీరైట్ 2013లో 50 ఏళ్ల నుంచి 70కి పెరిగింది. ఇక ఫెయిర్ యూజ్, అంటే అనుమతి లేకుండా కొద్దిగా వాడుకోవడానికి అమెరికా చట్టం ఇచ్చే వెసులుబాటు: మీరు చర్చిస్తున్న నాలుగు సెకన్ల గిటార్ వరుసకు పనికొస్తుంది, సీన్ మూడ్ కోసం వేసిన నిమిషంన్నర పాటకు పనికిరాదు. ఏది ఏదో లాయరు రాతపూర్వకంగా ఇస్తే తప్ప హక్కుల దావాల నుంచి కాపాడే బీమా పాలసీని కంపెనీ ఇవ్వదు, బీమా లేని సినిమాను ప్రసార సంస్థలు తీసుకోవు.

సంగీతకారుడితో చేసుకునే ఒప్పందంలో ఫైనల్ కట్ (సినిమా తుది రూపంపై నిర్ణయం) మీదేనని స్పష్టంగా ఉండాలి. పూర్తయిన సినిమా ఆయనకు చూపించి, వాస్తవాల్లో తప్పులుంటే దిద్దుకుంటామని రాయొచ్చు. ఆయన అనుమతి ఉంటేనే విడుదల అని మాత్రం రాయకండి. అలా రాస్తే తీసేది డాక్యుమెంటరీ కాదు, ప్రచార చిత్రం.

ఇంటర్వ్యూ

మొదట ఆయన దగ్గరికి కాదు, రికార్డింగ్ ఇంజినీరు దగ్గరికి, రోడీ (టూర్లలో వాద్యాలు, సామాను చూసుకునేవాడు) దగ్గరికి, టూర్ మేనేజర్ దగ్గరికి వెళ్లండి. ఏ గొంతు ఎన్నో టేక్, ఏ రాత్రి ఎవరు స్టూడియో తలుపు వేసుకుని వెళ్లిపోయారు అన్నది గాయకుడికంటే ఇంజినీరుకే బాగా గుర్తుంటుంది. మొత్తం మీద పది పన్నెండు మంది చాలు. ఆయన్ని పొగడటానికి మాత్రమే వచ్చే ఇప్పటి ప్రముఖులు ఒకరిద్దరికి మించితే సినిమా సన్మానసభ అయిపోతుంది.

కథానాయకుడితో ఒక్కో విడత గంటన్నర మించొద్దు. ఇలాంటివి మూడు నాలుగు, వేర్వేరు రోజుల్లో. దశాబ్దాల పాటు యాంప్లిఫయర్ల ముందు నిలబడ్డ మనిషికి వినికిడి తగ్గి ఉంటుంది, చెవిలో నిరంతరం హోరు ఉండొచ్చు. ఎదురుగా, దగ్గరగా కూర్చుని నిదానంగా అడగండి. ‘ఆ రోజుల్లో మీకెలా అనిపించేది’ అని అడిగితే పాత క్యాసెట్టే మళ్లీ తిరుగుతుంది. ఒక కాంటాక్ట్ షీటు చేతికిచ్చి ‘ఈ వరుసలో మీ పక్కన నిలబడిందెవరు’ అనండి. సెట్ లిస్టు (ఆ కచేరీ పాటల వరుస) ఇచ్చి ‘మూడో పాట ఎందుకు కొట్టేశారు’ అనండి. అరిగిన కథ మొదలైతే అడ్డుపడకండి, పూర్తి కానివ్వండి. ఆ తర్వాత దాని పక్క వివరం అడగండి: గదిలో ఇంకా ఎవరున్నారు, డబ్బు ఎవరిచ్చారు, మర్నాడు పొద్దున ఏ ఊళ్లో లేచారు. కథకు ఆవల ఉన్న జ్ఞాపకం అక్కడ బయటికొస్తుంది. పట్టికకు విరుద్ధంగా చెబితే కెమెరా ముందు వాదించకుండా కాగితం చూపించండి. తేడా చూసి ఆయన నవ్వినా, మౌనంగా ఉన్నా, కోప్పడినా సినిమాకు పనికొస్తుంది.

మత్తు, బాకీలు, చనిపోయిన సహచరుడు, ఆనాడు టూర్లలో అమ్మాయిల పట్ల, అందులోనూ మైనర్ల పట్ల జరిగినవి అడగకుండా దాటేయకండి, అలాగని మొదటి విడతలోనూ అడగొద్దు. ఎవరైనా స్త్రీ తనకు జరిగింది చెప్పడానికి ముందుకొస్తే ఆమె మాటను ఆయన కథలో ఒక రంగుగా వాడుకోకండి. ఆధారాలు సరిచూసుకోండి, లాయరుకు చూపండి, ఆయన జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వండి. ఆమె పేరు, మొహం చూపాలా వద్దా అన్నది ఆమె ఇష్టం.

సాంకేతికంగా: రెండు మైకులు పెట్టండి. ఫ్రేము పైనుంచి అర మీటరు దూరంలో హైపర్‌కార్డియాయిడ్ (ముందున్న శబ్దాన్నే ఎక్కువగా పట్టే మైకు), చొక్కాకు లాపెల్ (చిన్న క్లిప్ మైకు). లెదర్ జాకెట్టు కరకర, మెడలో గొలుసులు, చేతికి కడియాలు... రాక్ సంగీతకారులతో లాపెల్‌కు ఇదే బాధ. కడియాలు తీయమని ముందే అడగండి, తీయనంటే పైమైకునే నమ్ముకోండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, గొంతు శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర. ఫ్రిజ్ ఆపేయండి, మళ్లీ ఆన్ చేయడం మరిచిపోకుండా మీ కారు తాళాలు అందులో పెట్టండి. లేవబోయే ముందు ఒక నిమిషం గది నిశ్శబ్దం రికార్డు చేసుకోండి. 60 హెర్ట్జ్ దేశాల్లో 24 ఫ్రేములతో తీస్తే షట్టర్ 144 డిగ్రీలు, 50 హెర్ట్జ్ దేశాల్లో 172.8. లేకపోతే ట్యూబ్‌లైట్లు మినుకుమంటాయి.

ఫేడర్ల ముందు

సినిమాలో అన్నిటికంటే విలువైన సీన్ మిక్సింగ్ కన్సోల్ దగ్గర దొరుకుతుంది. మల్టీట్రాక్ ఫైళ్లు ఎక్కించి, ఆయన్ని ఇంజినీరు పక్కన కూర్చోబెట్టి, ఒక్కో ఫేడర్ (ధ్వని పెంచి తగ్గించే మీట) పైకి తీయండి: డ్రమ్స్ ఒక్కటే, బాస్ ఒక్కటే, ఆ తర్వాత గొంతు ఒక్కటే. యాభై ఏళ్లలో ఆయన ఈ పాటను వేల సార్లు విని ఉంటాడు, కానీ చుట్టూ ఏ వాద్యం లేని తన ఇరవై ఏళ్ల గొంతును విని ఉండడు. ఊపిరి తీసుకోవడం, హెడ్‌ఫోన్ల నుంచి మైకులోకి కారిన గిటార్, చివర్లో వద్దనుకుని మ్యూట్ చేసిన టేక్, పాటయ్యాక ఎవరో అన్న మాట, అన్నీ అక్కడే ఉంటాయి. ఆ టేక్‌లు ఏ ట్రాక్‌లో ఎన్నో నిమిషంలో ఉన్నాయో మీరు, ఇంజినీరు ముందే విని రాసుకోవాలి. ఆయన మాత్రం కెమెరా తిరుగుతుండగానే మొదటిసారి వినాలి. రిహార్సల్ చేస్తే ఆ మొహం మళ్లీ రాదు.

ఇక్కడ శబ్దమే అసలు చిక్కు. స్పీకర్లలో పాట మోగుతుంటే ఆయన మాట్లాడితే ఆ మాటను కోయలేరు, ఎందుకంటే ప్రతి కోత దగ్గరా వెనక పాట తెగుతుంది. కన్సోల్ అవుట్‌పుట్ నుంచి తీగ లాగి పాటను మీ రికార్డర్‌లో వేరే ట్రాక్‌లోకి, టైమ్‌కోడ్‌తో (బొమ్మనూ శబ్దాన్నీ కలిపే సమయపు గుర్తులు) పట్టుకోండి. స్పీకర్ల ధ్వని తక్కువ పెట్టండి. ఇంజినీరుతో ఒక సైగ కుదుర్చుకోండి: ఆయన నోరు తెరిచాడంటే ఫేడర్లు కిందికి. రెండు కెమెరాలు చాలు, ఒకటి ఆయన మొహం మీద కదలకుండా, ఇంకొకటి చేతుల మీద. చేతులు తీసే కెమెరామన్ మొహం వైపు తిప్పకూడదు, ఎంత మంచి భావం కనిపించినా సరే. అన్నట్టు, ఇలా విడదీసి వినిపించిన ట్రాక్‌లకు కూడా లేబుల్ అనుమతి కావాలి. మామూలు లైసెన్సులో అవి ఉండవు, పేరు పెట్టి రాయించుకోవాలి.

ఇప్పుడు వాయిస్తున్నట్టు తీయాలంటే రికార్డుతో పాటు వాయించమనకండి. గొంతు వయసుకు తగ్గట్టు గిటార్ అర స్వరమో ఒక స్వరమో కిందికి శ్రుతి చేసి ఉంటుంది, పాత టేపు వేగం మార్చి ఉంటుంది. రెండూ కలవవు, ఆయనకు చిరాకొస్తుంది. ఒంటరిగా, నెమ్మదిగా, ఆ వరుస ఎలా కట్టాడో చూపించమనండి. వేళ్లు ఇప్పుడు అందుకోలేని చోటు వస్తే దాటవేసి ఎలా వాయిస్తున్నాడో అది కూడా తీయండి.

ఎడిటింగ్, శబ్ద మిశ్రమం

ఇంటర్వ్యూలన్నీ టైమ్‌కోడ్‌తో అక్షరబద్ధం చేయించి ముందు కాగితం మీద సినిమా కట్టండి. మొదటి కూర్పు మూడున్నర, నాలుగు గంటలు వస్తుంది, కంగారు పడొద్దు. పాటను ఇరవై సెకన్ల ముక్కలుగా అందరి మాటల కింద పరిచేస్తే ఆయన సంగీతం నేపథ్య సంగీతమైపోతుంది. మూడు పాటలనైనా రెండు నిమిషాలకు పైగా, మీద మాట లేకుండా వినిపించండి. మాట కింద తప్పనిసరి అయితే గొంతు లేని ట్రాక్‌లు వాడండి, మల్టీట్రాక్ ఉన్నందుకు అదొక లాభం. పాటను మధ్యలో కోయాల్సి వస్తే బార్ (తాళపు ఆవర్తం) మొదట్లో, స్నేర్ డ్రమ్ దెబ్బ మీద కోయండి. ఫేడ్ చేసి దాచిన కోత శ్రోతకు తెలిసిపోతుంది. ఒక కచేరీ బొమ్మకు ఇంకో కచేరీ శబ్దం అతికించినప్పుడు డ్రమ్మర్ చేతులు కనిపించే షాట్లు తీసేయాలి, అబద్ధం ముందుగా బయటపడేది అక్కడే.

మోనో రికార్డింగును సరౌండ్‌గా సాగదీయకండి. మధ్య స్పీకర్‌లోనో, ముందు రెండిట్లోనో ఉంచితే గట్టిగా నిలబడుతుంది. సగటు ధ్వని స్థాయి యూరప్ టీవీకి మైనస్ 23 లూఫ్స్ (ధ్వని తీవ్రత కొలమానం), అమెరికా టీవీకి మైనస్ 24. స్ట్రీమింగ్ సంస్థల లెక్కలు వేరు, వాళ్ల పత్రం చూసి మిక్స్ చేయాలి. సగటు స్థాయి సరిపోయినా మాటకూ పాటకూ మధ్య దూరం ఎక్కువైతే ఇంట్లో చూసేవాడు రిమోట్ పట్టుకునే కూర్చోవాలి. చిన్న టీవీ స్పీకర్ల మీద ఒకసారి విని ఖాయం చేయండి.

ఆఖరి కాగితం క్యూ షీట్: ఏ పాట, ఎవరు రాశారు, ఎవరికెంత వాటా, పబ్లిషర్ ఎవరు, ఏ సెకను నుంచి ఏ సెకను దాకా. ప్రసారమైనప్పుడల్లా పీఆర్‌ఎస్, ఆస్కాప్, బీఎంఐ లాంటి సంఘాలు రాయల్టీ పంచేది దీన్ని బట్టే. పేర్ల అక్షరాలు, వాటాల శాతాలు ఆ సంఘాల డేటాబేస్‌లో ఉన్నట్టే ఉండాలి. తేడా వస్తే డబ్బు ఎవరికీ చేరకుండా ఆగిపోతుంది, మీరు సినిమా తీసిన మనిషికి కూడా.